పద్దులు వ్రాసిన చేతితో బొమ్మరైళ్లు కట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, నేను అయ్యంకి వెంకటరమణయ్యగారిని గూర్చియో, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని గూర్చియో వ్రాయుదునని వారు తలంచి యుందురు. ఆ మహనీయులను గూర్చి వ్రాయుటకు నాకంటె యోగ్యులు మన యూరనే కలరు. నేను బొమ్మలు చేసి అమ్ముకొనిన యొక ఆంగ్లేయుని కథ నెన్నుకొంటిని. పాఠకమహాశయులు మన్నింతురుగాక. ఈ కోరిక నాకు పుట్టినది సీమలో గాదు. హైదరాబాదున, అమీరుపేటలో, మా మేనల్లుని యింటిలో.

గత వేసవిలో మోకాలి నొప్పిని పంజగుట్టలోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో చూపించుకొనుటకై పోయి, పదిదినములు వారి యింట నుంటిని. అమీరుపేట యనగా రెండు మెట్రోరైలు మార్గములు ఒకదానిపై నొకటి దాటుచోటు. మియాపురమునుండి ఎల్.బి. నగరమునకు బోవునది యొకటి, నాగోలునుండి రాయదుర్గమునకు బోవునది యొకటి. పంజగుట్టనుండి అక్కడకు నడచి వచ్చువాని చేతిలో కనీసము పది కరపత్రములైన బడును. ఏ కంప్యూటరు విద్య నెన్ని దినములలో నేర్పుదురో వానియందు వ్రాసియుండును. మేడల గోడలకు ఆ ప్రకటనలే, స్తంభములకు ఆ ప్రకటనలే. జీవనోపాధికి చదువు వెదకుకొను యువకులతో ఆ వీథులు ఉదయము మొదలు రాత్రి వరకు క్రిక్కిరిసి యుండును. అట్టిచోట మా అక్కయ్య మనుమడు, పదవ తరగతి బాలుడు, ఆ కరపత్రముల అట్టలను సేకరించి, వాని వెనుకవైపున గీతలు గీసి, కత్తిరించి, గోదాములు కట్టుచున్నాడు.

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల బల్లమీద వానికొక రైలుమార్గము కలదు. దాని ప్రక్కన గూడ్సు షెడ్డు, తూకపు గది, బస్తాల గిడ్డంగి. గోడలు అట్టతో, తలుపులు ఐస్‌క్రీము పుల్లలతో, దూలములు అగ్గిపుల్లలతో చేసినాడు. పలుచని అల్యూమినియము కాగితమును దువ్వెన పండ్లపై నొత్తి ముడుతలరేకు కప్పు తయారుచేసి, దానిపై గోధుమవన్నె రంగును ఆరీయారని కుంచెతో రాచి తుప్పు పట్టించినాడు. గోడల అడుగుభాగమున, వానచినుకులు నేలకు గొట్టుకొని ఎర్రమన్ను చిందునంత ఎత్తువరకు, రంగు వేరుగా నుంచినాడు. మయుడు పాండవులకు కట్టిన సభలో నీరున్నచోట నేలయని భ్రమించి దుర్యోధనుడు తడిసెనని భారతమున చదివియుంటిమి. నేనును కళ్లద్దములు తీసి చూచితినేని దానిని మన రైలుస్టేషను గోదామే యనుకొందును.

అయితే ఆ యింటిలో ఈ విద్య యొక కలహమునకు మూలమై యుండెను. బాలుని తండ్రి, అనగా మా మేనల్లుడు, ఇంజనీరు. పరీక్షల సంవత్సరమున అట్టలు కత్తిరించుచు కూర్చున్న కుమారుని చూచి అతనికి రాత్రులు నిద్ర పట్టుటలేదు. మామయ్యా, నీ మాట వాడు వినును, నీవైన చెప్పుమని నన్ను బ్రతిమాలెను. నేనును మందలించుటకే బల్లయొద్దకు పోతిని. ముప్పది సంవత్సరములుగా లెక్కలు వ్రాయువాడను గనుక, మందలింపునకు ముందు కొలతలు అడిగితిని. తరువాత ఏమి జరిగినదో చివర విన్నవింతును. ఆ బల్లమీది పాత యింజనుయొక్క ప్రక్కన ఆంగ్లాక్షరములలో హార్న్‌బీ యను పేరు కనబడినది. అది యెవరి పేరని బాలుని అడిగితిని. రైళ్ల కంపెనీ పేరు తాతయ్యా యని వాడు చెప్పెను. అది కంపెనీ పేరు మాత్రమే కాదు. ఒక పద్దుల గుమాస్తా పేరు. ఆ సంగతి తెలిసినపిమ్మట నాకు ఆ పురుషునిపై బంధుభావము వంటిది కలిగినదని ఒప్పుకొనవలెను.

ఫ్రాంక్ హార్న్‌బీ 1863వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండు పడమటి తీరమునగల లివర్‌పూల్ పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ ఆస్వాల్డ్ హార్న్‌బీ ఆహారపదార్థముల వర్తకుడు. ఆ పట్టణమును గూర్చి కొంత చెప్పక తప్పదు. ఏలయన, ఆ బాలుని కన్నులకు బాల్యమునుండి కనబడినవి రేవులు, గిడ్డంగులు, క్రేనులు, రైలుపెట్టెలు. లివర్‌పూల్ నుండి మాంచెస్టరునకు 1830 సెప్టెంబరు 15న ప్రారంభమైన రైలుమార్గము, రెండు నగరముల నడుమ ఆవిరి యింజనులతో నడచిన మొదటి రైలుమార్గము. ఆ మార్గపు మాంచెస్టరు కొసను ఆ సంవత్సరముననే కట్టిన సరకుల గిడ్డంగి, రైలు కొరకు కట్టిన గిడ్డంగులలో మొదటిదని చెప్పుదురు. లివర్‌పూల్‌లో జెస్సీ హార్ట్‌లీ యను ఇంజనీరు ఆల్బర్ట్ రేవు గిడ్డంగులను అగ్నిభయము లేకుండుటకై భారము మోయు కొయ్య యొకటియు వాడక, ఇటుకతో, రాతితో, పోతయినుముతో కట్టించెను. అవి 1846లో తెరువబడినవి. హార్న్‌బీ పుట్టిన సంవత్సరమున అమెరికాలో అంతర్యుద్ధము సాగుచుండుటచే అక్కడి ప్రత్తి ఆ రేవునకు వచ్చుట నిలిచిపోయి, మిల్లులవారు మన దేశపు ప్రత్తికై చేతులు సాచిరి. మన కాకినాడ రేవు పేర కోకనాడా యను ప్రత్తిరకమే వర్తకమున నుండెడిది. ఇట్లు మన రైతుల బేళ్లకును ఆ గిడ్డంగులకును దూరపుచుట్టరికము కలదు.

హార్న్‌బీకి బడిచదువు పదునారవ యేటనే ముగిసెను. తండ్రి వ్యాపారమున చిల్లర లెక్కలు చూచుకొనుచు, సొమ్ము పుచ్చుకొనుచు కాలము గడపెను. ఇంజనీరింగు విద్య యేమియు లేదు. కాని బాల్యమున సామ్యూల్ స్మైల్స్ వ్రాసిన స్వయంసహాయమను గ్రంథము వాని చేతబడెను. పేదకుటుంబములలో పుట్టి, పట్టుదలచే యంత్రములను కనిపెట్టినవారి జీవితములు అందు కలవు. అది చదివి తానును కనిపెట్టువాడను కావలెనని నిశ్చయించుకొనెను. పుస్తకము బాలుని చేతబడుట యెట్టి ప్రమాదమో గ్రంథాలయ సభ్యులకు వేరుగా చెప్పనేల! మొదట వాడు చేయబూనినది నిరంతర చలనయంత్రము. ఒకసారి త్రిప్పినచో ఎన్నటికి నాగక తనంత తాను తిరుగునది. అట్టిది లోకమున సాధ్యముకాదు. హార్న్‌బీకిని సాధ్యము కాలేదు. ఇట్టి యత్నములతో అనేక సంవత్సరములు గడచినవి. ఒక్కటియు ఫలింపలేదు.

1887లో క్లారా గాడ్‌ఫ్రాయ్ అను ఉపాధ్యాయినిని వివాహమాడెను. రోలండ్, డగ్లస్ అను కుమారులు కలిగిరి. 1899లో తండ్రి గతించి, ఆ వ్యాపారము మూతపడగా, మాంసమును దిగుమతి చేసికొను డేవిడ్ ఎలియట్ అను వర్తకుని యొద్ద పద్దుల గుమాస్తాగా చేరెను. జీతము స్వల్పము. వయస్సు ముప్పదియారు. కని పెట్టినది శూన్యము. మనలో ననేకులు ఈ దశయందే ఆశలను మూటకట్టి అటకమీద బెట్టుదురు.

ఆ కాలముననే కుమారుల ఆటకై రేకును కత్తిరించి వంతెనలు, లారీలు, క్రేనులు చేసి యిచ్చుట మొదలిడెను. ఇందొక చిక్కు కలదు. ఒక క్రేను చేయవలెనన్న దానికి తగిన ముక్కలు కత్తిరింపవలెను. పిల్లలకు దానిపై విసుగు పుట్టగానే వేరొక బొమ్మ యడుగుదురు. అప్పుడు మరల క్రొత్త ముక్కలు. క్రిస్మసు పండుగనాటి ముందురోజున ఒక రైలు ప్రయాణమున, కిటికీలోనుండి ఒక చిన్న క్రేనును చూచుచు వాడొక యాలోచన చేసెను. అన్ని ముక్కలును ఒకే వెడల్పు కలిగి, అన్నిటియందును రంధ్రములు ఒకే దూరమున నుండినయెడల, ఏ ముక్కనైన ఏ ముక్కకైనను బిగింపవచ్చును. ఈనాడు క్రేను, రేపు దానినే విప్పి వంతెన, ఎల్లుండి గిడ్డంగి. క్రొత్తముక్క యవసరము లేదు.

వెడల్పు అర అంగుళము. రంధ్రమునకు రంధ్రమునకు నడుమ అర అంగుళము. ఇంతే వాని పరిశోధనయంతయు. ఇది విని చదువుకొనినవారు పెదవి విరువవచ్చును. కాని చిట్టాపుస్తకమున గడులు గీచుకొని, ప్రతి యంకెను దాని గడియందే వ్రాసి, కూడిక ఏ ప్రక్కనుండి చేసినను ఒకటే వచ్చునట్లు చూచుకొను గుమాస్తాకు తప్ప ఈ యూహ వేరొకనికి అంత తేలికగా తోచదని నా యభిప్రాయము. నిరంతర చలనయంత్రమును వెదకినంతకాలము హార్న్‌బీ తనకు రాని విద్యను వెదకెను. సమానమైన గడులను తలంచిన దినమున తనకు వచ్చిన విద్యయందు నిలిచెను.

ముక్కలు కోయుటకు మెత్తనిదగు రాగిరేకును వాడెను. అంత చిన్న మరలు, నట్టులు బజారున దొరకనందున వానినికూడ తానే చేసికొనెను. 1901 జనవరిలో దీనికి పేటెంటు పొందెను. ఆ ఖర్చునకై అయిదు పౌనులు అప్పు చేయవలసివచ్చెను. తరువాత ఈ వస్తువును తయారుచేసి యమ్ముడని కంపెనీల చుట్టు తిరిగెను. చేతిపని మొరటుగా నుండుటచే ఎవరును ఆదరింపలేదు. చివరకు యజమాని ఎలియట్‌గారే దాని విలువను గుర్తించి, తన కార్యాలయము ప్రక్కన ఖాళీగానున్న గదిని యిచ్చి, భాగస్వామియయ్యెను. గుమాస్తా గీచిన బొమ్మను చూచి పని మానుకొని ఆటలాడుచున్నాడని కోపింపక, గదితాళము చేతికిచ్చిన ఆ యజమానికి నేను మనస్సులో నమస్కరించితిని.

యంత్రశిల్పము సులభమయ్యెనను అర్థమువచ్చు పేరుతో, పదునారు రకముల ముక్కలు, పండ్రెండు నమూనాలను చూపు ఒక కరపత్రము గల పెట్టె 1901 చివర ఏడు షిల్లింగుల ఆరు పెన్నీలకు అంగళ్లలో వెలసెను. ఆ పెట్టెల జమాఖర్చును మీకు చెప్పకుండ నుండలేను. 1903లో పదునైదు వందల పెట్టెలు అమ్ముడుపోయెను, లాభము లేదు. 1904 నాటికి ఆరు రకముల పెట్టెలు చేసిరి. మొదటి లాభము, అదియు స్వల్పముగ, 1906లో కనబడెను. అనగా అయిదు సంవత్సరముల పద్దు చివరను ఎర్రసిరాతోనో, సున్నతోనో ముగించి, మరునాటి ఉదయము మరల యజమాని పద్దులు వ్రాయుటకు కూర్చుండెనన్నమాట. లివర్‌పూల్ విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు శాఖాధ్యక్షుడగు హీల్‌షా ఆచార్యుడు ఈ బొమ్మలయందు యంత్రశాస్త్ర సూత్రములు నిజముగ ఇమిడియున్నవని ఒక లేఖ వ్రాసి యిచ్చెను. ఆ లేఖ వానికెంతో సాయపడెను. ఈ కాలమున అమీరుపేట తండ్రులకును అట్టి లేఖయొకటి కావలసియుండును.

1907లో ఉద్యోగము మాని, అప్పు తెచ్చి, డ్యూక్ వీథిలో పనిశాల నద్దెకు బుచ్చుకొని ముక్కలను తానే తయారుచేయసాగెను. మెకానో యను పేరును ఆ యేటనే నమోదు చేయించెను. మరుసటి సంవత్సరము మే 30న మెకానో లిమిటెడ్ అను కంపెనీ స్థాపింపబడినది. ఎలియట్ అందు చేరుట మానుకొనెను. కష్టకాలమున ప్రక్కన నిలిచినవాడు ఫలకాలమున తొలగుట విచిత్రము. కొందరి జాతకము విత్తనము వేయుట వరకే. 1914లో బిన్స్ రోడ్డునందు వెలసిన పెద్ద కర్మాగారము అరువదియయిదు సంవత్సరములు బాలుర కలలకు చిరునామాయై నిలిచెను. 1916లో మెకానో మాసపత్రిక ఆరంభమయ్యెను. అందు బొమ్మల సంగతులేగాక నిజమైన వంతెనలు, రేవులు, రైళ్లు ఎట్లు కట్టుదురో బాలురకు బోధపడునట్లు వ్రాసెడివారు.

ఇక రైళ్ల సంగతి. మొదటి మహాయుద్ధమునకు పూర్వము లోకమున మేలిబొమ్మరైళ్లు జర్మనులవి. యుద్ధానంతరము ఇంగ్లండులో జర్మను వస్తువులపై విముఖత మిక్కుటమాయెను. ఆ యదను చూచి హార్న్‌బీ 1920లో కీ యిచ్చిన నడచు రైలును విడుదల చేసెను. పట్టాల నడుమ దూరము 32 మిల్లీమీటర్లు. తొలి యింజనులు, పెట్టెలు మెకానోవలెనే మరలతో బిగించినవి. బాలుడు విప్పి చూచి మరల బిగింపవచ్చును. ముక్క విరిగిన క్రొత్తముక్క కొనవచ్చును. 1925లో విద్యుత్తుతో నడచునది వచ్చెను. మొదట అది యింటి కరెంటుతోనే నడచెడిది. పిల్లల చేతికి ఇంటి కరెంటు నిచ్చుట తెలివిగల పనికాదని తరువాత తక్కువ వోల్టేజికి మార్చిరి.

రైలుండగా స్టేషను వలదా? సిగ్నళ్లు, సొరంగములు, ఇంజను కొట్టములు, క్రేనుతోగూడిన గూడ్సు ప్లాటుఫారములు వరుసగా వెలువడెను. అన్నియు డబ్బారేకుపై రంగులచ్చువేసి మడచినవి. ఇటుకలు అచ్చులోనివే. కిటికీలు, తలుపులు అచ్చులోనివే. కొన్నిట స్టేషను గోడపై ప్రకటనలుకూడ అచ్చులోనివే. చూచుటకు ముచ్చటగ నుండును. కాని యిక్కడ నాకు హార్న్‌బీగారితో కొంచెము తగవు కలదు. బాలుడే కట్టవలెనని అర అంగుళపు రంధ్రములతో ఆరంభించినవాడు, గోదాము వచ్చుసరికి కట్టి సిద్ధము చేసినదానిని అమ్మెను. ఆ రేకుగోదామును బల్లపై బెట్టుట తప్ప బాలునకు పనిలేదు. పైగా కొన్నింటి పరిమాణము రైలుకు సరిపడదు. తలుపులో పట్టని మనిషిబొమ్మ, మనిషిబొమ్మకు పట్టని బల్ల. వ్యాపారము పెరిగినపుడు తొలిధర్మము పలుచబడుట బొమ్మల విషయమున మాత్రమే జరుగునది కాదు గదా!

అందువలననే తరువాతి తరమువారు హార్న్‌బీ రైళ్లను కొని, గోదాములను మాత్రము అట్టతో, కొయ్యతో తామే కట్టుకొనసాగిరి. నిజమైన గోదామును పోయి చూచి, అడుగులు వేసి కొలిచి, ఆ కొలతలను కుదించి కట్టుటయే ఒక విద్యయయ్యెను. 1931 ప్రాంతమున స్టేషను సిబ్బంది, ప్రయాణికులు, పిమ్మట మోటారుబండ్లు చిన్నబొమ్మలుగా రైలుబల్లల అలంకారమునకై ఈ కంపెనీవారే పోతపోసిరి. 1934లో వానికి డింకీ టాయ్సు అని నామకరణము చేసిరి. రైలుకు తోడుగా పుట్టిన ఆ కార్లు రైలును మించిన ఖ్యాతి గడించెను. మన పట్టణములలోని పాత కుటుంబములయందు ఇప్పటికిని రంగుపోయిన డింకీ కారొకటి దొరకుట కలదు.

హార్న్‌బీ 1931 ఎన్నికలలో ఎవర్టన్ స్థానమునుండి కన్సర్వేటివు పక్షమున పార్లమెంటు సభ్యుడై, 1935లో మరల పోటీ చేయక విరమించుకొనెను. ఆ నాలుగేండ్లను గూర్చి చెప్పదగినది నా కంతగా కనబడలేదు. మధుమేహము, హృద్రోగము వానిని పీడించినవి. 1936 సెప్టెంబరు 21న తన డెబ్బదిమూడవ యేట గతించెను. రోలండ్ కంపెనీ భారము వహించెను. ఏ బాలుని ఆటకై ఆ మొదటి క్రేను తయారయ్యెనో ఆ బాలుడే! 1938లో హార్న్‌బీ డబ్లో యను పేర మరింత చిన్నరైలు వచ్చెను. అడుగునకు నాలుగు మిల్లీమీటర్ల కొలత. పెద్దగది లేనివారును భోజనపుబల్లపై రైలు నడుపుకొనుటకు అది వీలయ్యెను. అద్దెయిండ్లలో రైలుబల్లలు వెలయుటకు మూలము అట్టి చిన్న కొలతలే. 1964లో కంపెనీ పరాధీనమాయెను. 1979లో బిన్స్ రోడ్డు కర్మాగారము మూతపడెను. పేరు మాత్రము నేటికిని రైళ్లపై నడచుచున్నది.

చిన్నకట్టడములు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు. ఇది రజతోత్సవ సంచిక గనుక ఒక్కమాట. 1937లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను రజతోత్సవమున ఆయనకు సమర్పించిన కానుకలలో ప్రసిద్ధ భవనముల వెండినమూనాలు కలవు. హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాము ప్రదర్శనశాలయందు వానిని చూడవచ్చును. అవి రాజులకు తగినవి. మా అక్కయ్య మనుమనిది కరపత్రముల అట్ట.

ఇక వాని బల్లయొద్దకు వత్తము. వాని రైలు నిజమైనదానిలో 87వ వంతు. అడుగునకు మూడున్నర మిల్లీమీటర్లు. ఈ లెక్క చెప్పగానే నాకు ఉత్సాహము కలిగి కాగితము పుచ్చుకొంటిని. అరువదియడుగుల గోదాము 210 మిల్లీమీటర్లు కావలెను, సరిగా నున్నది. ముప్పదియడుగుల వెడల్పు 105, సరిగా నున్నది. అయిదున్నర అడుగుల హమాలీ 19 మిల్లీమీటర్ల పైచిలుకు, వాడును సరియే. తొమ్మిదంగుళముల యిటుక రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. సన్నని పెన్సిలు ములికితో ఒక్కొక్క యిటుకను గీచినాడు, ఎన్నివేలో నేను లెక్కింపలేదు. ప్లాటుఫారము కొలిచితిని. పట్టామీదినుండి ఎనిమిది మిల్లీమీటర్లు. రైలుపెట్టె అడుగుపలక పదునాలుగు మిల్లీమీటర్లు.

నాకు మన స్టేషను గోదాము జ్ఞాపకము వచ్చినది. ధాన్యపు బస్తాలు అక్కడ పెట్టెలలోని కెక్కించునపుడు పద్దు వ్రాయుచు ఎన్ని మధ్యాహ్నములు నిలుచుంటినో! బస్తా డెబ్బదియయిదు కిలోలు. హమాలీ దానిని వీపుపై వేసికొని ప్లాటుఫారమునుండి పెట్టెలోనికి నేరుగా నడచిపోవును. ప్లాటుఫారమును పెట్టె అడుగును ఇంచుమించు సమముగ నుండుట అందుకే. నడుమ చిన్నతేడా యున్న నొక పలక వేయుదురు. మనవాని గోదామున ఆ తేడా ఆరు మిల్లీమీటర్లు. లెక్కవేయగా అడుగున్నరకు పైన. ఒక పెట్టెకు వందల బస్తాలు. ప్రతి బస్తాతోను అడుగున్నర ఎత్తు మెట్టెక్కు హమాలీ సాయంకాలమునకు బ్రతుకునా యని వాని నడిగితిని. వాడు ఇటుకల వన్నెను చూచినాడు, తుప్పును చూచినాడు, మన్ను చిందుటను చూచినాడు. బరువు మోయువానిని మాత్రము చూడలేదు. చాలసేపు మాటలాడక కూర్చుండి, తరువాత సనత్‌నగరు గూడ్సు షెడ్డునకు తీసికొనిపొమ్మని నన్నడిగెను. నా మోకాలు సహకరింపక పోలేకపోతిని. వాడు అప్పటికే అతికియున్న ప్లాటుఫారమును కత్తితో నెమ్మదిగా వేరుచేసెను. గోడ అడుగుభాగము చినిగి, రెండువారముల పని పాడైపోయెను.

మేనల్లునితో నేను రాత్రి భోజనముల వేళ హార్న్‌బీ కథను, అయిదేండ్ల జమాఖర్చుతోగూడ చెప్పితిని. అతడు ఔననలేదు, కాదనలేదు. వాడు హార్న్‌బీ కాకపోయిన నేమగునని మాత్రము అడిగెను. అది న్యాయమైన ప్రశ్న. దానికి నాయొద్ద జవాబు లేదు. మందలింతునని యిచ్చిన మాటను తప్పినందుకు క్షమింపుమంటిని.

నేను ఊరికి బయలుదేరుటకు ముందటి రాత్రి దాహమై లేచితిని. ముందుగదిలో దీపము వెలుగుచుండెను. బాలుడు నిద్రపోవుచున్నాడు. వాని తండ్రి బల్లమీదికి వంగి, ఉక్కు స్కేలును రైలుపెట్టె తలుపునకు ఆనించి, కన్ను చికిలించి చూచుచు, ఒక కరపత్రము వెనుక అంకెలు వ్రాసికొనుచుండెను. నేను సడిచేయక మంచినీరు త్రాగి వచ్చి పరుంటిని.